క్రిప్టో పాఠాలకు గొంతిచ్చిన ఏడాది

గుడివాడలో నేను తెలుగు చెప్పే జూనియర్ కాలేజీలో ఆ ఏడు నా క్లాసులు సగానికి పడిపోయాయి. ఇంటర్లో చేరే పిల్లలంతా మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటున్నారు. తెలుగు తీసుకున్నవాళ్లు ఒక్క సెక్షనుకి కూడా సరిపోవడం లేదు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, కాఫీ తెప్పించి, "మిమ్మల్ని వదులుకోవడం మాకిష్టం లేదండీ. వారానికి మూడు రోజులు రండి చాలు" అన్నారు. మూడు రోజులు వస్తే జీతం కూడా మూడు రోజులకే అని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. కాఫీ మాత్రం పూర్తిగా తాగి లేచాను.

మా ఇల్లు బందర్లో. ఇరవై ఏళ్లుగా పొద్దున పాసింజరెక్కి గుడివాడ రావడం, సాయంత్రం అదే బండిలో వెనక్కి వెళ్లడం. మా ఆయన కవరింగ్ నగలు చేసి అమ్ముతారు. ఆ ఆదాయం, నా జీతం కలిస్తేనే ఇల్లు తిన్నగా నడిచేది. అందుకే ఆ వారంలోనే నా పాత విద్యార్థి ఒకతను కాలేజీ గేటు దగ్గర ఆగి "మేడం, మీకో పని చెప్పొచ్చా?" అన్నప్పుడు నేను వెంటనే ఆగాను.

అతనికి అప్పటికి ముప్పై దాటాయి. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. షాపు పైగదిలో ఒక యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టబోతున్నానని చెప్పాడు. క్రిప్టో కరెన్సీ గురించి, ఏమీ తెలియనివాళ్ల కోసం.

"నేను హైదరాబాదులో ఉన్నప్పుడు ఎవరో చెప్పారని ఒక కాయిన్ కొన్నాను మేడం. పెరిగిందని ఇంకా కొన్నాను. పడిపోతే భయపడి అమ్మేశాను. ఎలా కొనాలో అందరూ చెప్పారు గానీ, ఎప్పుడు కొనకూడదో ఒక్కరూ చెప్పలేదు. తెలుగులో చెప్పేవాళ్లున్నారు, కాకపోతే అందరూ అరుస్తారు. మీరు నెమ్మదిగా చెబుతారు. మీ గొంతు కావాలి."

"నాకు ఆ క్రిప్టో అంటే ఏమిటో తెలీదు నాయనా."

"తెలియక్కర్లేదు మేడం. నేను రాసిస్తాను, మీరు చదివితే చాలు."

"నాకు అర్థం కానిది నేను చదవను," అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

అలా ఒప్పందం కుదిరింది. ప్రతి వాక్యం నాకు అర్థమయ్యేదాకా అతను చెప్పాలి. నాకు అర్థమయ్యాక దాన్ని నా తెలుగులో తిరగరాసుకుని చదువుతాను. పాఠానికి ఇంత అని ఇస్తాడు. అది పెద్ద మొత్తమేమీ కాదు, కాకపోతే పాలవాడికీ కరెంటు బిల్లుకీ సరిపోయేది.

పైగదిలో చప్పుడు రాకుండా గోడలకి పాత పరుపులు ఆనించాడు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను తీసెయ్యాలి. కింద ఆటోలు, బస్సులు. స్టేషన్లో రైలు కూత వేస్తే ఆగి, వాక్యం మళ్లీ మొదటినుంచి. నేను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ చదివేదాన్ని. అయినా ఆ పని నాకు బాగా నచ్చింది. ఇరవై ఏళ్లుగా చెప్పిన పాఠాలే చెబుతున్నదాన్ని, చాలాకాలం తర్వాత కొత్తది నేర్చుకోవడం.

అతను మొదట రాసుకొచ్చిన కాగితంలో ఒక వాక్యానికి పది ఇంగ్లీషు మాటలున్నాయి. "ఈ లెడ్జర్ ఏమిటి? అందరి దగ్గరా ఉండడం ఏమిటి?" అని అడిగాను. అతను అరగంట చెప్పాడు. నేను తిరగరాసింది ఇలా వచ్చింది: "ఇరవై మంది కలిసి చీటీ వేశారనుకోండి. లెక్క ఒక్కరి దగ్గరే ఉండకుండా, ఇరవై మందీ ఎవరి పుస్తకంలో వాళ్లు అదే లెక్క రాసుకున్నారు. ఒకాయన తన పుస్తకంలో అంకె దిద్దుకున్నా మిగతా పందొమ్మిది పుస్తకాలూ ఒప్పుకోవు." అతను అది విని, "నాలుగేళ్లలో నాకెవరూ ఇలా చెప్పలేదు మేడం" అన్నాడు. నాకు లోపల సంతోషంగా ఉంది. పైకి మాత్రం, "నీ అక్షరాలింకా కోడి కెలికినట్టే ఉన్నాయి" అన్నాను.

కాయిన్లు దాచుకునే వాలెట్‌కి తాళంలాంటి పన్నెండు మాటలుంటాయి, వాటిని ఎవరికీ చెప్పకూడదని రెండో పాఠం. "బ్యాంకు నుంచని చెప్పినా చెప్పకండి, పోలీసునని చెప్పినా చెప్పకండి, ఈ ఛానల్ నుంచి నేనే అడిగినా చెప్పకండి" అని చదివాను. మూడో పాఠంలో అతను రాయని వాక్యం ఒకటి నేనే చేర్చాను. "ఖచ్చితంగా లాభం వస్తుందని ఎవరైనా చెబితే, మాట పూర్తయ్యేదాకా కూర్చోకండి. లేచి వచ్చేయండి." ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, బండిలో ఇంటికి వెళ్తూ పెడన దాటేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాతి పాఠాల్లో ఇంటి ఖర్చుల డబ్బు ముట్టుకోవద్దన్నాం. ఏ యాప్‌లోనైనా ముందు చిన్న మొత్తం వేసి, దాన్ని వెనక్కి తీసి చూశాకే నమ్మమన్నాం. లాభం మీద ప్రభుత్వానికి ముప్పై శాతం పన్ను ఉంటుందని, ఆదాయం లెక్కలు దాఖలు చేసేటప్పుడు అది కట్టుకోవాలని చెప్పాం. గంట గంటకీ ఫోను తీసి ధర చూసుకుంటే నిద్ర పోతుందే తప్ప ధర పెరగదని కూడా చెప్పాం.

చూసేవాళ్లు నెమ్మదిగా పెరిగారు. మొవ్వ నుంచి ఒకాయన, "మీరు చెబుతుంటే మా ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ ఎదురుగా ఉన్నట్టుంది, చేతులు కట్టుకుని వింటున్నాను" అని కింద రాశాడు. అది మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను.

ఎనిమిదో పాఠం రోజున అతను కాగితం చేతికిచ్చి అటూ ఇటూ తిరుగుతున్నాడు. కూర్చోలేదు. చదివి చూస్తే అది పాఠం కాదు. ఎవరో కొత్త యాప్ పెట్టారు, అందులో డబ్బు వేస్తే వాళ్ల కంప్యూటరే కొని అమ్మి పెడుతుంది, నెల తిరిగేసరికి ఖచ్చితంగా లాభం.

"ఇదేమిటి?" అన్నాను.

"ప్రమోషన్ మేడం. వాళ్లే మెసేజ్ పెట్టారు. షాపు అద్దె మూడు నెలలది ఒక్క వీడియోతో వస్తుంది. నేను డబ్బు వేసి చూశాను, తీసి చూశాను కూడా. వచ్చింది."

"ఖచ్చితంగా అని రాశావు."

"వాళ్లు ఆ మాట ఉండాలన్నారు మేడం. ఈ ఒక్కసారికే."

వద్దని అనాల్సింది. నేను మాత్రం, "ఆ కంప్యూటర్ ఎలా కొంటుందో, ఎలా అమ్ముతుందో నాకు చెప్పు" అన్నాను. అతను ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. అతనికీ అర్థమైనట్టు లేదు. ఆ నెల కాలేజీ జీతం ఇంకా రాలేదు, ఈ పాఠానికి రెట్టింపు ఇస్తానన్నాడు. నేను కాగితం తీసుకుని, గొంతు సవరించుకుని చదివాను. ఆ రోజు రైలు కూత కూడా అడ్డం రాలేదు. ఒక్క తప్పు లేకుండా మొదటిసారికే అయిపోయింది. మనసు ఒప్పని వాక్యాన్ని ఇంకాస్త మృదువుగా, ఇంకాస్త నమ్మకంగా చదివానని నాకప్పుడే తెలుసు.

మా ఆయన సాధారణంగా నా పాఠాలు వింటూ నగలు తుడుచుకుంటూ ఉంటారు. ఆ పాఠం అయ్యాక గుడ్డ పక్కన పెట్టారు. "మిగతా వాటిల్లో నువ్వు మాట్లాడావు. దీంట్లో అమ్మావు" అన్నారు. నేను కోపంగా, "మీరు రోజూ అమ్మడం లేదా?" అన్నాను. "అమ్ముతాను. కవరింగ్ అని చెప్పి అమ్ముతాను" అన్నారాయన.

ఆ వారం ఆదివారం బందరు చేపల మార్కెట్‌కి వెళ్లాను. రెండో వరసలో ఒకామె చందువాలు పెట్టుకుని కూర్చుంది. నా వయసే ఉంటుంది. ఎప్పుడూ ఆమె దగ్గర కొనలేదు.

"అక్కా, చందువా ఎంత?"

ఆమె కత్తి పట్టుకున్న చెయ్యి ఆపేసి తలెత్తింది. "ఇంకోసారి అనండి."

"ఏమిటి?"

"అదే, ఏదో ఒకటి అనండి."

"చందువా ఎంతని అడిగాను."

"మీరేనండీ!" అని పక్కన రొయ్యలమ్మే ఆమె భుజం తట్టింది. "ఫోన్లో కిరిప్టో పాఠాలు చెప్పే మేడం గారు. ఈ గొంతే."

వాళ్లది బందరు పక్కనే సముద్రం వైపున్న గిలకలదిండి. భర్తకి చిన్న ఇంజను పడవ ఉంది. పొద్దున మార్కెట్ అయ్యాక ఇంటి దగ్గర చేపలు ఎండబెట్టేటప్పుడు కోడలు ఫోన్లో నా పాఠాలు పెట్టిస్తుందట. "రాసుకోవడం రాదు గానీ, ఏ పాఠంలో ఏం చెప్పారో అడగండి, చెప్తాను" అంది. నేను సరదాకి రెండోది అడిగాను. పన్నెండు మాటల సంగతి చెప్పింది. ఐదోది అడిగాను. చిన్న మొత్తం వేసి తీసి చూడమన్నది చెప్పింది. నా క్లాసులో మొదటి బెంచీ పిల్లలు కూడా అంత స్పష్టంగా అప్పజెప్పలేదు. చేప కోసినందుకు డబ్బు తీసుకోలేదు. పైగా రెండు కానాగంతలు సంచిలో వేసింది. వద్దంటూనే తీసుకున్నాను. వాటిని వేయించుకుని తింటూ మా ఆయనకి చెప్పాను, నన్ను గుర్తుపట్టారని. ఆమె డబ్బు ఏమైనా వేసిందా అని అడగాలన్న ఆలోచన నాకసలు రాలేదు.

నెల తర్వాత మళ్లీ ఆదివారం. నేను మార్కెట్లోకి అడుగుపెడుతుండగానే ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. చేతులు గుడ్డకి తుడుచుకుని, బుట్ట వెనకాల ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోను తీసింది.

"కోడలు పుట్టింటికెళ్లిందండీ. ఇది కాస్త చూడండి. డబ్బులు కనబడుతున్నాయి గానీ తీసుకుందామంటే రావట్లేదు. పన్ను కట్టాలంట ముందు."

అది ఎనిమిదో పాఠం యాప్. తెర మీద ఆమె వేసినదానికి రెట్టింపు కనిపిస్తోంది. కింద తెలుగులోనే ఉంది. లాభంలో ఇంత శాతం పన్ను ముందుగా ఫలానా ఖాతాకి పంపితే మొత్తం విడుదల చేస్తామని, రెండు రోజుల్లో పంపకపోతే ఖాతా మూసేస్తామని.

"ఎంత వేశావక్కా?"

చెప్పింది. పడవకి ఇంజను మార్చడానికి రెండేళ్లుగా దాచిన డబ్బు. భర్తకి చెప్పే వేసిందట, ఇద్దరూ కలిసే అనుకున్నారట.

అక్కడే సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. "ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. పన్ను ఎవరూ ఇలా అడగరు. నీ డబ్బు నీకివ్వడానికి ముందు డబ్బు పంపమన్నారంటే వాళ్లు దొంగలు."

ఒకాయన వచ్చి రేటడిగితే చెప్పింది, తూచి ఇచ్చింది, చిల్లర ఇచ్చింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"మీరు చెప్పినట్టే చేశానండీ. ముందు ఐదొందలు ఏశాను. తీశాను. వచ్చినియ్యి. అప్పుడే మిగతాయి ఏశాను."

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మూడో పాఠంలో అన్నాను కదక్కా, ఖచ్చితంగా లాభం అంటే లేచి రమ్మని."

"అన్నారు," అంది. కోపంగా అనలేదు, అప్పజెప్పినట్టే అంది. "ఎనిమిదో పాఠంలో ఖచ్చితంగా వస్తదని మీరే అన్నారు. మూడోది ముందు చెప్పింది, ఎనిమిదోది తర్వాత చెప్పింది. ఈలోపు ఇంకా తెలుసుకుని, మార్చి చెప్తున్నారేమో అనుకున్నాను. పాఠాలంటే అంతే గదండీ, ముందుకెళ్లే కొద్దీ కొత్తది చెప్తారు."

డబ్బిచ్చారు, చదివాను అని మాత్రం చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, ఫోను మళ్లీ కవర్లో చుట్టింది.

"నాది పోతే పోయింది. నాగాయలంకలో మా చెల్లి ఉందండీ. నేను చెప్పాననే అదీ ఏసింది. దానికీ ఇదే మెసేజ్ వచ్చింది. రేపు బ్యాంకుకెళ్లి గొలుసు తాకట్టు పెట్టి పన్ను కట్టేస్తానంటోంది."

అక్కడికక్కడే ఫోన్ చేసింది. చెల్లెలు వినలేదు. నీకు భయమెక్కువ, నువ్వు ఆగితే ఆగు, నేను మాత్రం వదులుకోను అందట. ఫోను నాకిమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఫోన్లో గొంతు విని ఏసింది. ఇప్పుడూ ఫోన్లోనే చెప్తే ఎట్టా నమ్ముద్దండీ? మనిషి ఎదురుగా కనబడాలి. మీరు వస్తారా?"

మర్నాడు సోమవారం, నాకు కాలేజీ లేదు. పొద్దున ఆరింటికి ఇద్దరం బందరు బస్టాండులో నాగాయలంక బస్సెక్కాం. చల్లపల్లి దాటేదాకా ఆమె చెల్లెలి గురించే చెప్పింది. తనకన్నా ఎనిమిదేళ్లు చిన్నదట. ఆ చుట్టుపక్కల పడవలవాళ్ల దగ్గర పీతలు కొని మద్రాసు పంపే వ్యాపారం, లెక్కలో గట్టి మనిషి, ఎవరినీ ఊరికే నమ్మదు. "నన్ను నమ్మింది," అని ఆపేసింది. మోపిదేవిలో టీ తాగుదామంటే వద్దంది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి దివిసీమలోకి వచ్చాం. రెండు వైపులా కోతకొచ్చిన చేలు, మంచు ఇంకా విడలేదు. అవనిగడ్డలో బస్సు పావుగంట ఆగింది. ఆ పావుగంటలో ఆమె చెల్లెలికి మూడుసార్లు ఫోన్ చేసింది, వచ్చేదాకా ఇంట్లోనే ఉండమని.

మేం వెళ్లేసరికి చెల్లెలు వసారాలో కూర్చుని పీతల కాళ్లకి తాడు కడుతోంది. గొలుసు అప్పటికే మెడలోంచి తీసి చిన్న పర్సులో పెట్టుకుంది, ఆ పర్సు జాకెట్లో ఉంది. తర్వాత చెప్పింది ఆ సంగతి. మాకు మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, అక్కని ఒక్క మాట కూడా అడగకుండా నన్నే చూసింది.

"మీరేనా?"

"నేనేనమ్మా. ఆ యాప్ మోసం. పన్ను కట్టకు. కడితే అదీ పోతుంది."

ఆమె లేచి లోపలికెళ్లి ఫోను తెచ్చింది. ఏం చేస్తోందో నాకు తెలిసేలోపే ఎనిమిదో పాఠం మోగింది. నా గొంతే. మెత్తగా, తొందర లేకుండా, ఒక్కో మాటా విడిగా. నెల తిరిగేసరికి ఖచ్చితంగా లాభం కనబడుతుంది, నిశ్చింతగా ఉండండి. ఆ వసారాలో పీతలు బుట్టలో కదులుతున్న చప్పుడు, నా గొంతు. చివరిదాకా వినిపించింది. ఆపమనే ధైర్యం నాకు లేకపోయింది.

"ఇందులోనూ మీరే, ఇక్కడా మీరే," అంది. "ఏ మేడంని నమ్మమంటారు?"

"ఎదురుగా ఉన్నదాన్ని. ఆ రోజు నాకు అర్థం కానిది చదివాను. అర్థం కాలేదని తెలిసి కూడా చదివాను. ఇప్పుడు చెబుతున్నది నాకు తెలుసు."

"మీకు డబ్బులిచ్చి చదివించారా?"

"ఇచ్చారు."

"ఎంత?"

చెప్పాను. ఆమె వెటకారంగా అంటే భరించేదాన్ని. నిజంగా ఆశ్చర్యపోయింది. "అంతేనా?" అంది.

వాళ్ల అక్క అప్పుడు చెల్లెలి పక్కన కూర్చుని పీత ఒకటి తీసుకుని తాడు కట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి చెల్లెలూ కూర్చుంది. ఇద్దరూ కలిసి ఓ బుట్ట పూర్తి చేశారు. ఆ తర్వాత చెల్లెలు జాకెట్లోంచి పర్సు తీసి, గొలుసు మెడలో వేసుకుని, "అన్నం తినే వెళ్లాలి" అంది. తిన్నాం. వదిలేస్తే వాళ్లు నొచ్చుకుంటారని ఆకు ఖాళీ చేశాను.

ఫిర్యాదు ఆ మధ్యాహ్నమే ఇచ్చాం. సైబర్ నేరాల హెల్ప్‌లైనుకి చెల్లెలి ఫోన్ నుంచే చేశాం. ఆమె ఎప్పుడు, ఏ ఖాతాకి, ఎంత వేసిందో అన్నీ తడుముకోకుండా చెప్పింది. అక్కది కూడా చెప్పబోతే, అక్క డబ్బు వేసి అప్పటికే నెల కావస్తోందని, ఆ ఖాతాలో ఇంకా ఏమైనా మిగిలిందో లేదో చూస్తామని అవతలి ఆయన అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు.

మంగళవారం గుడివాడ బండిలో చేపలామె నాతో వచ్చింది. నేను రమ్మనలేదు, వస్తానంది. నా క్లాసులయ్యేదాకా కాలేజీ వరండాలో కూర్చుంది. తర్వాత పైగదికెళ్లాం. మా పాత విద్యార్థి మమ్మల్ని చూసి నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. ఆమె ఎవరో చెప్పాను, ఏం జరిగిందో చెప్పాను.

"నేనూ తీసి చూశాను కదా మేడం," అన్నాడు. "వచ్చింది కదా."

"ఈమె కూడా తీసి చూసింది. ఈమెకీ వచ్చింది. చిన్నవి ఇచ్చేది పెద్దవి వేయించుకోవడానికే. ఆ సంగతి ఐదో పాఠంలో మనం చెప్పలేదు. మనకే తెలీదు."

అతను చాలాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియో తీసేశాడు. వాళ్లకి మెసేజ్ పెడితే జవాబు రాలేదు, ఫోన్ చేస్తే నంబరు పనిచేయడం లేదంది. ఇంకో పాఠం చెప్పాలి, తప్పు చెప్పామని మన నోటితోనే చెప్పాలి అన్నాను. అతను తల పట్టుకున్నాడు. "ఛానల్ పోతుంది మేడం. అందరూ తిడతారు."

చేపలామె అప్పటిదాకా గోడకున్న పరుపుల్ని చూస్తూ నిలబడింది. "నాలాంటోళ్లు ఎంతమంది విన్నారో చెప్పు బాబూ ముందు," అంది.

అతను తెర చూసి అంకె చెప్పాడు. తర్వాత తనే మైకు సర్దాడు.

తొమ్మిదో పాఠానికి కాగితం లేదు. ఆమె స్టూలు మీద కూర్చుంది, నేను ఆమెకి చెబుతున్నట్టు చెప్పాను. ఎనిమిదో పాఠం అబద్ధమని, అది డబ్బు తీసుకుని చదివానని, ఆ యాప్‌లో డబ్బున్నవాళ్లు పన్ను పేరుతో ఇంకొక్క రూపాయి కూడా పంపొద్దని, వెంటనే ఫిర్యాదు చేయమని. మధ్యలో ఆమె, "తీసిన ఐదొందలు రావడం కూడా మోసమేనని చెప్పండి, అది చాలామందికి తెలీదు" అంది. అదీ చెప్పాను. అయిపోయాక చూసుకుంటే ఫ్యాను తీసెయ్యడం మర్చిపోయాం. వెనక గరగరమని చప్పుడు. మళ్లీ చేద్దామా అన్నాడు అతను. ఉండనివ్వమన్నాను.

తిట్లు వచ్చాయి. చాలా వచ్చాయి. మొవ్వ ఆయన ఏమీ రాయలేదు. తాము కట్టబోయి ఆగామని కొందరు చెప్పారు. బంటుమిల్లి నుంచి ఒకావిడ, తన భర్త అప్పటికే రెండుసార్లు పన్ను కట్టేశాడని రాసింది. ఆ వ్యాఖ్యకి ఏమని జవాబివ్వాలో తెలియక రెండు రోజులు ఆగి, హెల్ప్‌లైను సంగతే మళ్లీ రాశాను. నన్ను గుర్తుపట్టిన కాలేజీ సహోద్యోగి ఒకరు స్టాఫ్ రూంలో, "మీరిలాంటి వాటిల్లోకి ఎందుకెళ్లారండీ?" అన్నారు. జీతం సగమయ్యిందని ఆయనకీ తెలుసు.

అతను ప్రమోషన్‌కి తీసుకున్న డబ్బు అక్కాచెల్లెళ్లిద్దరికీ పంచి ఇచ్చాడు. అతన్నీ నన్నూ పోలీసులు పిలిచి వివరాలు రాసుకున్నారు. ఆ పాఠానికి నాకిచ్చినదీ నేను వాళ్లకివ్వబోయాను. చెల్లెలు తీసుకుంది, లెక్కపెట్టుకుని. అక్క తీసుకోలేదు. "మీది వద్దండీ. మీరు మా చెల్లి ఇంటికొచ్చారు" అంది. ఆరు నెలలకి, డబ్బు వెళ్లిన ఖాతాని త్వరగా ఆపగలిగారు కాబట్టి చెల్లెలికి కొంత డబ్బు వెనక్కొచ్చింది. అక్కకి ఏమీ రాలేదు. పాత ఇంజనుకే మళ్లీ పని చేయించుకున్నారు. ఆ ఏడాదంతా వాళ్లాయన దూరం వెళ్లకుండా దగ్గర్లోనే వేటాడాడట.

ఛానల్ ఇప్పటికీ ఉంది. అతనే తన గొంతుతో చెబుతున్నాడు, నెలకొకటి. ప్రమోషన్లు తీసుకోవడం లేదని ప్రతి వీడియో మొదట్లోనూ చెబుతాడు. నేను మానేశాను. కాలేజీ లేని రోజుల్లో ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. ఆదివారం ఆమె దగ్గరే చేపలు కొంటాను. ఇప్పుడు కోసినందుకు అందరి దగ్గరా తీసుకున్నట్టే నా దగ్గరా తీసుకుంటోంది. నాకలా ఉంటేనే తేలిగ్గా ఉంది.

మొన్న మధ్యాహ్నం నాగాయలంక చెల్లెలు ఫోన్ చేసింది. అవనిగడ్డలో ఎవరో ఆఫీసు తెరిచారట, క్రిప్టో ట్రేడింగ్ నేర్పుతారట, ఫీజు కట్టించుకుంటారట. "చేరొచ్చాండీ?" అని అడిగింది.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "వాళ్లని నేను చూడలేదు, ఏం చెబుతారో వినలేదు."

"అయితే ముందు నేనే వెళ్లి, ఏమీ కట్టకుండా ఓ పూట కూర్చుని వినొస్తాను. ఏమన్నారో మీకు చెప్తాను, అప్పుడు ఆలోచిద్దాం" అంది. ఈ వారం పీతల రేటు బాగుందని, బందరు బస్సులో తెలిసినవాళ్లెవరైనా వస్తే నాలుగు పంపిస్తానని చెప్పి, బేరం వచ్చిందని ఫోన్ పెట్టేసింది.